ముక్కు వాడిది, సీసా కూడా వాడి చేతికే ఇద్దాం

మా ఇంట్లో అలారం పెట్టుకోవాల్సిన పని లేదండీ. పొద్దున్న ఐదున్నరయ్యేసరికి మా చిన్నాడి తుమ్ములు మొదలయ్యేవి. ఒకటీ రెండూ కాదు. ఒకరోజు మంచం మీద నుంచే లెక్కపెట్టాను, వరసగా పద్దెనిమిది. పంతొమ్మిదోది వస్తుందేమోనని చూస్తుంటే వాడే లేచొచ్చి నా కొంగుకి ముక్కు తుడిచేసుకుని, "అమ్మా, నిద్రొస్తోంది" అన్నాడు. రాత్రంతా పడుకుని లేచిన పిల్లాడు అనే మాటేనా అది?

పడిశానికి మందేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అంటారు కదా మన పెద్దవాళ్లు. నేనూ అదే ధైర్యంతో ఉన్నాను. కానీ మావాడి పడిశం ఏడు రోజుల్లో పోయే రకం కాదు. వానలు తగ్గాక మొదలైతే సంక్రాంతి దాటినా ఉండేది. మా అపార్ట్‌మెంట్ పక్కన ఖాళీ స్థలం నిండా వయ్యారిభామ మొక్కలు, వెనక వీధిలో ఎప్పుడూ ఏదో ఒక ఇల్లు కడుతూనే ఉంటారు. హైదరాబాదులో ఉన్నవాళ్లకి ఈ బొమ్మ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

స్కూలు నుంచి డైరీలో రాసి పంపారు, "ఎప్పుడూ ముక్కు నలుపుకుంటూ ఉంటాడు, పాఠం మీద ధ్యాస లేదు" అని. పెళ్లికి వెళితే చుట్టాల్లో ఒకావిడ, "పిల్లాడి ముక్కు కాస్త తుడవచ్చు కదమ్మా" అంది, నేను కన్నాక తుడవడమే మానేసినట్టు. ఆ కోపమంతా వాడి మీద చూపించాను. అరచేత్తో ముక్కు కిందనుంచి పైకి తోసుకుంటూ ఉండేవాడు, అది పాడలవాటు అనుకుని చేతి మీద ఒక దెబ్బ కూడా వేశాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ మీలో ఎవరైనా ఈ పూట ఆ దెబ్బ వేయబోతుంటే ఆగుతారని రాస్తున్నాను.

డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ గొంతు కూడా చూడకముందే వాడి ముక్కు మీద అడ్డంగా ఉన్న సన్నటి గీత చూపించారు. "అరచేత్తో ముక్కు పైకి తోసుకుంటాడా?" అని అడిగారు. ఆ చేష్టకి వైద్యుల్లో ఒక పేరే ఉందట, అలర్జీ సెల్యూట్ అని. దురద ఆగక అలా రుద్దీ రుద్దీ ఆ గీత పడుతుందట. కళ్లకింద నలుపు, నోరు తెరుచుకుని పడుకోవడం, గురక, పొద్దున్నే తుమ్ములు, అన్నీ ఆ తానులోవే. పరుపుల్లో, దిండ్లలో కంటికి కనపడకుండా ఉండే డస్ట్‌మైట్లు, పుప్పొడి, బూజు, బొద్దింకల మురికి ఇలాంటివి ముక్కులోకి వెళ్తే ఈ పిల్లల ఒళ్లు వాటిని శత్రువులనుకుని యుద్ధం మొదలుపెడుతుంది. ముక్కు దిబ్బడేసి రాత్రి నిద్ర సరిగా పట్టక, పగలు పాఠం ఎక్కదు. అంటే స్కూలువాళ్లు రాసిన ధ్యాస లేకపోవడం కూడా సగం ముక్కు నుంచే వచ్చిందన్నమాట. ఇంటికొస్తూ ఆటోలో వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఏ చేతి మీద కొట్టానో ఆ చెయ్యే.

డాక్టరుగారు ముక్కులో కొట్టుకునే స్ప్రే రాశారు. మరీ ఎక్కువైనప్పుడు వేయమని ఒక మందు ఇచ్చారు. దాంతోపాటు, "సాయంత్రం ఉప్పునీళ్లతో ముక్కు కడగండి. కాచి చల్లార్చిన నీళ్లు" అని చెప్పి, మెత్తటి ప్లాస్టిక్ సీసా, చిన్న ఉప్పు పొట్లాలు ఉండే ఒక పెట్టె కొనుక్కోమన్నారు.

అసలు కథ అక్కడ మొదలైంది.

మొదటిరోజు మావారు వాడి రెండు చేతులూ పట్టుకున్నారు. నేను తల వంచి సీసా నొక్కాను. వాడు అరవబోయాడు, నీళ్లు గొంతులోకి పోయాయి, దగ్గు, వాంతి, ఏడుపు. పక్కగదిలోంచి అత్తయ్యగారు పరుగెత్తుకొచ్చి, "ముక్కులో నీళ్లు పోస్తారా ఎవరైనా? మెదడుకెక్కుతుంది! పసివాణ్ణి చంపుతారా ఏంటి?" అని వాణ్ణి లాక్కుపోయారు. నాకు ఒళ్లు మండింది. యోగాలో జలనేతి చేయరా, టీవీలో చూడలేదా అని వాదించాను. మూడు రోజులు అలాగే పట్టుకుని చేశాం. నాలుగోరోజు సాయంత్రం ఆరయ్యేసరికి వాడు మంచం కిందకి దూరి బయటికి రాలేదు. మామూలుగా స్నానానికి పిలిచినా, "ముక్కు వద్దు, ముక్కు వద్దు" అనేవాడు.

ఫోన్లో చూస్తే పిల్లల్ని దుప్పట్లో చుట్టి, కదలకుండా పట్టుకుని ముక్కు కడిగే వీడియోలు ఎన్నో ఉన్నాయి. ఒక్క నిమిషంలో ముక్కు ఖాళీ, చూసేవాళ్లకి ఎంత తృప్తో! ఆ వీడియోల కింద ఎవరూ మర్నాటి సాయంత్రం గురించి రాయరు. నా అభిప్రాయం ఇప్పుడు స్పష్టంగా ఉంది. ఊహ తెలిసిన పిల్లాడికి ముక్కు కడగడం పట్టుకుని చేయించే పని కాదు. రోజూ, నెలల తరబడి చేయాల్సిన పని ఏదైనా సరే, వాడి ఒప్పుదల లేకుండా నిలబడదు. ఒక్కరోజు గెలుస్తాం, మర్నాటి నుంచి ఓడిపోతూనే ఉంటాం. పైగా ఏడుస్తూ, గింజుకుంటూ ఉన్న పిల్లాడి ముక్కులోకి గట్టిగా నొక్కితే నీళ్లు గొంతులోకి, చెవివైపుకి పోయి నొప్పి వస్తుంది.

వారం రోజులు మొత్తం మానేశాను. ఎనిమిదోరోజు నా ముక్కు నేనే కడుక్కున్నాను. వాష్‌బేసిన్ ముందు నిలబడి సీసా పెట్టుకోగానే గుండె దడదడలాడింది. నలభైకి దగ్గరపడుతున్నదాన్ని, నాకే మునిగిపోతున్నట్టు అనిపించింది. ఏడేళ్లవాడికి ఎలా ఉండి ఉంటుంది? గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. నా రెండో ముక్కులోంచి నీళ్లు కారగానే పగలబడి నవ్వాడు. "అమ్మా, నువ్వు కుళాయివి!" అన్నాడు. రెండు రోజులు అమ్మ కుళాయిని చూడటానికి వచ్చాడు. మూడోరోజు, "నేను నొక్కుతాను, నువ్వు పట్టుకోకూడదు" అని షరతు పెట్టాడు. సరే అన్నాను. ఒక్క చుక్క పోయింది ఆరోజు. ఆ ఒక్క చుక్కకే చప్పట్లు కొట్టాం.

ఇప్పుడు వాడే చేసుకుంటాడు. పద్ధతి చెబుతాను, కష్టమేం కాదు. బేసిన్ మీదకి ముందుకి వంగి, తల కొంచెం పక్కకి తిప్పాలి. తల వెనక్కి వాల్చకూడదు. నోరు తెరిచి నోటితోనే గాలి పీలుస్తూ "ఆఁ..." అనాలి. మావాడు "క క క క" అంటాడు. అలా అంటుంటే గొంతువైపు దారి మూసుకుని నీళ్లు కిందికి దిగవు. పైన ఉన్న ముక్కురంధ్రంలో సీసా మూతి ఆనించి మెల్లగా నొక్కితే, నీళ్లు కింద ఉన్న రంధ్రంలోంచో నోట్లోంచో వచ్చేస్తాయి. తర్వాత రెండోవైపు. అయ్యాక రెండు ముక్కులూ మూసి గట్టిగా చీదకూడదు, చెవులు పోటెత్తుతాయి. ఒక్కోవైపు మెల్లగా చీదితే చాలు. స్ప్రే వాడే పిల్లలకి ముందు కడగడం, కాసేపాగి స్ప్రే. చీమిడి మీద కొట్టిన మందు చీమిడితోపాటే బయటికి వచ్చేస్తుంది కదా.

ఇక ఉప్పు సంగతి. పొట్లాలు అయిపోయిన ఒకరోజు, దీనికేం బ్రహ్మవిద్యా అని వంటింటి ఉప్పు చిటికెడు ఎక్కువే వేసి ఇచ్చాను. "మంట, మంట" అని గెంతాడు. మన చేతి అంచనా పప్పుకి పనికొస్తుంది గానీ ముక్కుకి పనికిరాదు. మన ఒంట్లోని నీటికి సరితూగేంత ఉప్పు, అంటే లీటరుకి తొమ్మిది గ్రాముల చొప్పున ఉంటేనే ముక్కుకి మంట ఉండదు. వట్టి నీళ్లయినా మంటే, ఈత కొట్టేటప్పుడు ముక్కులోకి నీళ్లు పోతే ఎలా ఉంటుందో గుర్తుందిగా. ఇంట్లో కలుపుకునేవాళ్లకి అలర్జీ వైద్యులు చెప్పే కొలత ఒకటుంది. అయోడిన్ కలపని శుభ్రమైన మెత్తటి ఉప్పు మూడు టీస్పూన్లు, వంటసోడా ఒక టీస్పూను కలిపి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి. పిల్లలకైతే అందులోంచి అర టీస్పూను, 120 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో. వంటసోడా అన్నాను, బేకింగ్ పౌడర్ కాదు. ఇదంతా ఎందుకనుకుంటే మందుల షాపులో పొట్లాలే నయం, కొలత తప్పదు.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వస్తాను. ఈ వ్యాసం రాయాలనిపించింది అసలు దీనికోసమే.

డాక్టరుగారు "కాచి చల్లార్చిన నీళ్లు" అన్నారు. నా చెవికి "శుభ్రమైన నీళ్లు" అని వినపడింది. మా ఇంట్లో ఆర్వో ఉంది. అవే తాగుతాం, అవే వండుతాం. ఇంక కాచడమెందుకు, కాస్త వెచ్చబెడితే చాలదా అనుకున్నాను. వాడు సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టాక దాదాపు నెలరోజులు అలాగే ఇచ్చాను. ఒకరోజు టీవీలో కేరళ వార్త వచ్చింది. 2024లోనూ, 2025లోనూ అక్కడ అమీబా వల్ల మెదడువాపు కేసులు వచ్చాయి కదా. చెరువుల్లో, నీటి గుంటల్లో స్నానం చేసిన పిల్లలు కూడా ఉన్నారు అందులో. ఆ అమీబా ఉన్న నీళ్లు తాగితే ఈ జబ్బు రాదు, ముక్కులోంచి వెళితేనే మెదడుకి చేరుతుందని చెబుతున్నారు. నా చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రి కూర్చుని చదివాను. 2011లో అమెరికాలోని లూసియానాలో ఇద్దరు ఇలాగే చనిపోయారు. ముక్కు కడుక్కునే చెంబులో మామూలు కుళాయి నీళ్లు పోసుకున్నారు వాళ్లు. ఈ జబ్బు చాలా చాలా అరుదు, మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. కానీ వస్తే బతికి బయటపడేవాళ్లు బహు తక్కువ. అలాంటిదాన్ని ఆపడానికి కావాల్సింది గ్యాస్ పొయ్యి మీద ఒక్క నిమిషం. నీళ్లు సలసల కాగడం మొదలయ్యాక ఒక నిమిషం అలాగే కాగనిచ్చి, మూతపెట్టి చల్లార్చాలి. ఏ రోజు కాచినవి ఆ రోజే వాడి, మిగిలితే పారబోయాలి. ఆర్వో నీళ్లయినా, కొన్న సీసా నీళ్లయినా, మినరల్ క్యాన్ అయినా కాచాల్సిందే. తాగడానికి పనికొచ్చే నీళ్లన్నీ ముక్కుకి పనికిరావు, ఎందుకంటే పొట్టలో ఉండే ఆమ్లం ముక్కులో లేదు. ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఉంది కదా అని మా తోడికోడలు అడిగింది. అది బ్యాటరీ కోసం చేసింది తల్లీ, పిల్లాడి ముక్కు కోసం కాదు అన్నాను. సీసా కూడా కడిగి, బోర్లించి, పూర్తిగా ఆరనివ్వాలి. మేం మూడు నెలలకోసారి కొత్తది కొంటున్నాం.

మర్నాడు పొద్దున్న అత్తయ్యగారి దగ్గర కూర్చుని చెప్పాను, "మీరు మెదడుకెక్కుతుంది అన్నారు చూడండి, అందులో కొంత నిజం ఉంది" అని. ఆవిడ నా మీద గెలిచినట్టు ఏమీ అనలేదు. "మా చిన్నప్పుడు ఏ నీళ్లయినా కాచే ఇచ్చేవాళ్లమ్మా పసిపిల్లలకి" అన్నారంతే. ఆరోజు నుంచి నీళ్లు కాచే పని ఆవిడే తీసుకున్నారు. పూజ గదిలో సాంబ్రాణి వేసేముందు వాడి గది తలుపు మూసేది కూడా ఇప్పుడు ఆవిడే. ఆ పొగ, దోమల బత్తి పొగ వాడికి పడవని డాక్టరుగారు చెబితే ముందు నొచ్చుకున్నారు గానీ, మనవడి తుమ్ముల ముందు ఏదీ నిలవలేదు.

ఇంకో మాట. "మందులు మానేయండి, ఉప్పునీళ్లు చాలు" అని వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. నేను ఒప్పుకోను. అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని ఒకచోట చేర్చి చూసిన కాక్రేన్ సమీక్ష ఒకటి 2018లో వచ్చింది. ఏమీ చేయనివాళ్లతో పోలిస్తే ముక్కు కడుక్కునేవాళ్లకి మూడు నెలల వరకు బాధ తగ్గవచ్చని అందులో ఉంది, ఆ ఆధారాలు అంత గట్టివి కావని కూడా ఉంది. అంటే ఇది పనికొచ్చే తోడు, వైద్యానికి బదులు కాదు. కడిగితే ముక్కులో చేరిన దుమ్మూ, పుప్పొడీ, చిక్కటి చీమిడీ పోతాయి. లోపలి అలర్జీ పోదు. మావాడికీ తుమ్ములు పూర్తిగా పోలేదు. నాలుగైదుకి దిగాయి. స్ప్రే వాడుతూనే ఉన్నాం, దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో ఉతుకుతూనే ఉన్నాను. కానీ నోరు మూసుకుని పడుకుంటున్నాడు. అర్ధరాత్రి లేచి వాడి మూసిన పెదాలు చూసుకోవడం నాకు ఎంత సుఖమో, అలాంటి పిల్లలున్న తల్లులకే తెలుస్తుంది.

కడగకూడని రోజులూ ఉన్నాయి. చెవిపోటు ఉన్నప్పుడు, ముక్కు చుక్క నీరు కూడా దారి ఇవ్వనంతగా దిబ్బడేసినప్పుడు, ముక్కుకో చెవికో ఆపరేషన్ అయినప్పుడు డాక్టరుని అడక్కుండా కడగొద్దు. ఒకవైపు ముక్కులోంచే కంపు కొట్టే చీమిడి వస్తుంటే అది అలర్జీ కాకపోవచ్చు, పిల్లలు బఠాణీగింజో పెన్సిల్ రబ్బరు ముక్కో దూర్చుకుని ఉంటారు. పిల్లికూతలు, ఆయాసం ఉంటే ఉప్పునీళ్లతో కాలక్షేపం చేయకుండా పరుగెత్తాల్సిందే. మరీ పసివాళ్లకైతే ఈ సీసాల జోలికే పోకుండా డాక్టరు చెప్పిన సెలైన్ చుక్కలు చాలు. ముక్కులో నూనె చుక్కలు మాత్రం వద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రమాదం.

చివరగా మనలో మనం అనుకునే మాట. పిల్లాడి ముక్కు కారితే ఊరంతా తల్లి వైపే చూస్తుంది. ఐస్‌క్రీం పెట్టావా, తల సరిగా తుడవలేదా, చలిలో తిప్పావా అని. అలర్జీ మనం పెట్టిన ఐస్‌క్రీం వల్ల రాలేదు. ఆ మాటల బరువు మోస్తూ మనం పిల్లల చేతుల మీద దెబ్బలు వేయకూడదు, వాళ్లని దుప్పట్లో కట్టేసి ముక్కు కడగకూడదు. ఇంకొకటి, ముక్కు కడిగించడం అమ్మ పనే అని ఎక్కడా రాసి లేదు. మా ఇంట్లో ఆదివారాలు నాన్న వంతు. పట్టుకోవడం మానేశాక మావారు కూడా కుళాయి ఆట బాగానే నేర్చుకున్నారు.

నిన్న సాయంత్రం నేను ఫోన్లో మా అక్కతో మాట్లాడుతూ మర్చిపోయాను. ఆరున్నరకి వాడే సీసా పట్టుకుని వంటింట్లోకి వెళ్లి నానమ్మని అడుగుతున్నాడు, "నానమ్మా, ఇవి కాచిన నీళ్లేనా, వట్టి నీళ్లా?" అని.

"కాచినవే నాయనా, నేనే కాచాను" అన్నారు అత్తయ్యగారు.

వాడు వెళ్లి కడుక్కున్నాడు. నేను ఫోన్ పెట్టేసి వచ్చేసరికి సీసా బోర్లించి ఉంది.